ఊయల చుట్టూ ఎనిమిదిమంది

ప్రొద్దుటూరులో ఏ బడి వార్షికోత్సవం దగ్గరపడినా, కృష్ణుడి కిరీటానికో, కోలాటం లంగాలకో కామేశ్వరమ్మ ఇంటికి రావలసిందే. బట్టల అంగళ్ళ వెనకసందులో రెండు గదుల ఇల్లు ఆమెది. ముందు గదినిండా ఇనుప పెట్టెలు. ఒక్కో పెట్టెమీదా ఎర్ర రంగుతో రాసి ఉంటుంది: రాజులు, గోపికలు, రైతులు, దేశనాయకులు. జమ్మలమడుగు నుంచీ, పులివెందుల నుంచీ కూడా వచ్చి డ్రస్సులు అద్దెకు తీసుకుపోతారు. పిల్లలంతా ఆమెను డ్రస్సులవ్వ అంటారు. డెబ్బైఆరేళ్ళ మనిషి, ఇప్పటికీ నిటారుగా నడుస్తుంది. ఆ నడక ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

జనవరి చివర ఒక మధ్యాహ్నం పులివెందుల నుంచి వసుంధర వచ్చింది. అక్కడి ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెబుతుంది. ముప్పై దాటి ఉండవు.

"పెద్దమ్మా, ఎనిమిది జతలు కావల్ల. పాతకాలం లంగా వోణీలు. పాత పాటకు డాన్స్ వేపిస్తాండాం."

"ఏం పాట టీచరమ్మా? పాటను బట్టి లంగా ఘేరు, కింది చుట్టుకొలత, చూడల్ల. తిరిగే పాటైతే ఎక్కువుండల్ల."

వసుంధర ఫోను తీసి పాట పెట్టింది. 'తూగవే తూగవే తూరుపు గాలీ' అని ఆడగొంతుల గుంపు ఎత్తుకుంది. గోపికల పెట్టె మూత ఎత్తబోతున్న కామేశ్వరమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వీడియో చూసే నేర్చుకుంటాండారు పిల్లోళ్ళు," అంది వసుంధర. "కానీ ఒకటే తంటా. గ్రూపు స్టెప్పు మొదలయ్యేసరికి హీరో మొగమొస్తాది. మళ్ళా గ్రూపు కనపడేసరికి ఆ స్టెప్పు అయిపోయింటాది. మధ్యలో ఏం చేసినారో అంతు చిక్కల్యా."

"మధ్యలో కుడికాలు ఎనక్కేసి కూచుంటాం. చెయ్యి నేలకు తగిలిచ్చి, అదే ఊపులో లేసి ఎడమకు తిరుగుతాం."

వసుంధర పాట ఆపేసింది. "తిరుగుతాం అంటాండావేంది పెద్దమ్మా?"

కామేశ్వరమ్మ పెట్టె మూత మూసి దానిమీదే కూర్చుంది. నోరు జారిన తరవాత దాచడానికి ఏమీ మిగలలేదు.

జమ్మలమడుగులో పౌరోహిత్యం చేసుకునే తండ్రి పోయాక, తల్లి ఆమెను వెంటబెట్టుకుని మద్రాసులో ఒక డాన్స్ మాస్టరు గారింట్లో వంటకు చేరింది. మాస్టరు హాల్లో నేర్పుతుంటే కామేశ్వరి వంటింటి వాకిట్లో బియ్యం ఏరుతూ కాళ్ళు కదిపేది. పదహారో ఏట ఒకనాడు గుంపులో ఒక పిల్ల తక్కువైతే మాస్టరు ఆమెను కారెక్కించారు. ఆ రోజునుంచి పధ్నాలుగేళ్ళు, రెండువందల పాటలకు పైనే. పొడగరి కాబట్టి ఎప్పుడూ రెండో వరుసే. ముందు వరుస పిల్లల భుజాల మధ్య సందులోంచి ఎంత కనిపిస్తే అంతే కామేశ్వరి.

ఒక్క ఈ తూరుపుగాలి పాటకు మాత్రం ముందు వరుసలో పిల్లకు జ్వరమొచ్చి, మాస్టరు ఆమెను ముందుకు లాగారు. నాలుగు రోజుల షూటింగు. నాలుగు రోజులూ ముందు వరుస. ఆ సినిమా జమ్మలమడుగుకు వచ్చినప్పుడు తల్లిని అడిగి, రైలెక్కి మరీ మేనమామ ఇంటికి వచ్చింది. ఇంటిల్లిపాదినీ సినిమాకు నడిపించింది. మేనమామ కూతురు నిర్మల పక్కనే కూర్చుంది. నిర్మల ఆమెకన్నా రెండేళ్ళు పెద్ద, నోరు ఇంకా పెద్ద.

పాట వచ్చింది. కామేశ్వరి వేలు పైకెత్తి, "ఇదో, ఇదో నేనే వదినా!" అంది. వేలు లేచేసరికి తెరమీద హీరో నవ్వుతున్నాడు.

"యాడ?" అంది నిర్మల.

"పోయింది. ఉండు, మళ్ళా వస్తాను."

మళ్ళీ వచ్చింది. మళ్ళీ వేలెత్తింది. ఈసారి హీరోయిన్ కళ్ళు.

"యాడే?"

పాట అయ్యేలోపు నాలుగుసార్లు వేలెత్తింది. చివరిసారి లేచి నిలబడింది కూడా. వెనక బెంచీలోంచి ఎవరో "చెయ్యి దించమ్మా, అడ్డమొస్తాండాది" అని అరిచారు. ఇంటికి వచ్చాక వారంపాటు అదే వేళాకోళం. ఆమె తలుపు వెనక్కి పోతే చాలు, నిర్మల వేలెత్తి "యాడ? యాడ? ఉండు, మళ్ళా వస్తాది!" అనేది. పిల్లలంతా పడీపడీ నవ్వేవాళ్ళు. వదినామరదళ్ళ ఎకసెక్కమే కదా అని కామేశ్వరీ నవ్వింది. నవ్విందిగానీ, ఆ తరవాత సినిమాల్లో ఆడానన్న మాట ఎవరిదగ్గరా ఎత్తలేదు. తల్లికి జబ్బుచేసి, తన మోకాళ్ళు పట్టేసి, పెట్టెడు పాత డ్రస్సులతో ప్రొద్దుటూరు చేరినప్పుడు కూడా.

అంతా విని వసుంధర ఫోను సంచీలో పెట్టేసింది. తరవాత ఒక్కటే అడిగింది.

"మా పిల్లోళ్ళకు నేర్పిస్తావా పెద్దమ్మా? మొదట్నుంచి చివరిదాకా?"

కామేశ్వరమ్మ ఆ మాటనే పట్టుకుంది. మొదటినుంచి చివరిదాకా. హీరో మొగం అడ్డం రాకుండా. అట్లా ఒక్కసారి ఆ పాటను నిర్మలమ్మ పక్కన కూర్చుని చూడగలిగితే చాలనిపించింది.

* * *

ముద్దనూరు మీదుగా పోయే బస్సులో మూడు మధ్యాహ్నాలు పులివెందుల వెళ్ళింది. కాలేజీ హాల్లో కుర్చీలు పక్కకు జరిపి, నేలమీద చాక్‌పీసుతో ఎనిమిది గుర్తులు పెట్టింది.

"కిందికి సూడొద్దు మేయ్. గుర్తు యాడుందో కాలికి తెలుస్తాది."

"కాలికేం కండ్లున్నాయా అవ్వా?" అంది ఫిర్దోస్. ఎనిమిదిమందిలో పొడుగుపిల్ల, జమ్మలమడుగు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. ఏదైనా అడగనిదే వదలదు.

"ఉంటాయి. మూడుసార్లు తప్పితే నాలుగోసారికి వస్తాయి. నవ్వు. నవ్వల్ల."

"ఎవురూ సూడకపోయినా నవ్వల్లనా?"

"కెమెరా నీమీద ఎప్పుడు తిరుగుతాదో నీకు తెలీదు. అందుకని నవ్వుతానే ఉండల్ల."

"కెమెరా యాడుంది?"

"నేను కూచున్న చోటే."

పిల్లలు నవ్వారు, నవ్వుతూనే ఆడారు. కామేశ్వరమ్మ మోకాలు వంచి చూపించలేని చోట చేత్తో చూపించింది. చేత్తో చూపించలేనిది అంకెలతో చెప్పింది. ఒంట్లో ఇన్నేళ్ళూ మడతపెట్టి ఉన్న పాట, మడతమడతా విప్పుకుంటోంది. మధ్యలో గొంతు మారిపోయి మాస్టరు గారిలా "ఫీల్డులోకి రా, ఫీల్డులోకి రా" అని, కెమెరాకు కనపడే మేరలోకి రమ్మని, అరిచేది. ఆ రోజుల్లో పక్కన ఆడే యశోద గుర్తొచ్చేది. నెల్లూరు పిల్ల, చెవి దగ్గర పుట్టుమచ్చ. మాస్టరు తిట్టినప్పుడల్లా కిందిపెదవితో నవ్వేది. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో, అసలు ఉందో లేదో.

నాలుగో రోజు వసుంధర స్పీకరు తెచ్చి పాట మొత్తం పెట్టింది. ఎనిమిదిమందీ గుర్తుల మీద నిలబడ్డారు. 'తూగవే తూగవే' అని పల్లవి మొదలైంది. పిల్లలు ఉత్తుత్తి కుండలు నడుముకు పెట్టుకుని ఏటి ఒడ్డున నడిచినట్టు నడవసాగారు.

పాట ఒకదారి, కాళ్ళు ఒకదారి. రెండో నిమిషానికి ఇద్దరు ఢీకొన్నారు.

"ఆపండి, ఆపండి," అంది వసుంధర. "పల్లవికి కుండలేంది పెద్దమ్మా? కుండలు ఆఖరి చరణం కదా?"

కామేశ్వరమ్మ నిలువుగుడ్లు వేసుకుని చూసింది. అప్పుడు తెలిసింది తాను చేసిన పని. షూటింగు మొదటిరోజు ఊయలకు కట్టాల్సిన పూలు రాలేదు. మాస్టరు ఊరికే ఎందుకుండాలని ఏటి ఒడ్డు సెట్టులో ఆఖరి చరణం తీసేశారు. రెండోరోజు మెట్లమీద మొదటి చరణం. మూడోరోజు పూలొచ్చాయి, పల్లవి తీశారు. నాలుగోరోజు రెండో చరణం. ఆ నాలుగు రోజులు ఏ వరుసలో గడిచాయో, ఆ వరుసలోనే ఆమె ఒళ్ళు పాటను దాచుకుంది. అదే వరుసలో పిల్లలకు నేర్పింది.

"ఎనకనించి ముందుకు నేర్పిస్తాండావా అవ్వా!" అని ఫిర్దోస్ పొట్ట పట్టుకుని నవ్వింది. కామేశ్వరమ్మ కూడా నవ్వి, వరుస సరిచేసింది. కానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది. పల్లవి చివర ఎనిమిదిమందీ ఊయల చుట్టూ పూరేకుల్లాగా నేలమీద పడుకుంటారు. చరణం మొదట్లో అందరూ మెట్లమీద ఒకరి వెనక ఒకరు నిలబడి ఉంటారు. మధ్యలో పదీ పన్నెండు క్షణాల వాయిద్యాలు. సినిమాలో అప్పుడు హీరో హీరోయిన్లు ఒకరినొకరు చూసుకుంటారు.

"ఈడ పండుకోనుండాం, ఆడ నిలబడుండాం," అంది ఫిర్దోస్ లెక్క తేలనట్టు. "మధ్యలో మీరేం చేసినారు అవ్వా?"

"మధ్యలోనా? బట్టలు మార్చుకున్నాం. కాఫీ తాగినాం. రెండో చరణానికి ముందు అందరం ఇండ్లకు పొయ్యి పండుకున్నాం."

హాలంతా గొల్లుమంది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు. నవ్వాక వసుంధరను పక్కకు పిలిచాడు.

"బాగానే ఉందిగానీ అతకడంల్యా మేడం. శుక్రవారం నేను చూస్తా. అప్పటికి కుదరకపోతే పిల్లోళ్ళకు వచ్చిన పాట ఏదైనా పెట్టుకోండి. స్టేజీ మీద నవ్వులపాలు కావొద్దు."

కామేశ్వరమ్మ చెవిన ఆఖరి మాట పడింది.

తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బయట శనగచేలు వెనక్కి పోతున్నాయి. పధ్నాలుగేళ్ళు, రెండువందల పాటలు. అందులో ఒక్కటి, ఒకే ఒక్కటి, తాను మొదటినుంచి చివరిదాకా ఆడిందా అని వెతుక్కుంది. లేదు. పాటలో అరపంక్తి, కట్. మళ్ళీ అరపంక్తి, కట్. మాస్టరు గారికి తెలుసు పాట మొత్తం. ఎడిటరు గారికి తెలుసు. తనకు ముక్కలు తెలుసు. ఏ ముక్కకు ఆ ముక్క, చాక్‌పీసు గుర్తుమీద మొదలై చాక్‌పీసు గుర్తుమీద ముగిసేవి. అందుకే ఆనాడు వేలు లేచేసరికి తాను లేదు. హీరో అడ్డం వచ్చాడని ఇన్నాళ్ళూ అనుకుంది. అడ్డం రాకపోయినా అక్కడ చూపించడానికి ఏముందని?

మర్నాడు వసుంధరకు ఫోను చేసింది.

"నాకు డాన్స్ రాదు టీచరమ్మా. ముక్కలొస్తాయి, అంతే. పిల్లోళ్ళను ఇబ్బంది పెట్టొద్దు. వేరే పాట పెట్టుకోండి. డ్రస్సులు మాత్రం పంపిస్తా."

"శుక్రవారానికి ఇంకా రెండ్రోజులుంది పెద్దమ్మా."

"రెండేండ్లున్నా లేనిది యాడనించి తేవల్ల?"

* * *

గురువారం పొద్దున ఫిర్దోస్ ప్రొద్దుటూరు వచ్చింది. ముందురోజు బస్సులో పంపిన లంగా ఆమె పొడుగుకు చీలమండ పైకి వస్తోందని, మడత విప్పించుకురమ్మని వసుంధర పంపింది. కామేశ్వరమ్మ కత్తెర తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, మడత కుట్టు ఊడదీయసాగింది. పిల్ల పెట్టెలమీది పేర్లు చదువుకుంటూ తిరిగింది. 'రైతులు' పెట్టె తెరిచి తలపాగా పెట్టుకుని చూసుకుంది.

"ఈ లంగా ఇంత బరువేంది అవ్వా?"

"అద్దాలు కదా. ఆ పాటకు మాకిచ్చినవి ఇంతకు రెండింతలు. తొడుక్కోని పండుకుంటే మళ్ళా ఒక్కదానివి లెయ్యలేవు."

ఫిర్దోస్ తలపాగాతోనే ఇటు తిరిగింది. "మరి ఎట్ల లేసినారు?"

"ఏంది?"

"ఊయల చుట్టూ పండుకున్నారు కదా. కట్ అన్నారు. కాఫీకి పోయినారంటివి. పోవల్లంటే లెయ్యల్ల కదా. ఎట్ల లేసినారు?"

కామేశ్వరమ్మ చేతిలో కత్తెర ఆగింది.

ఎట్లా లేచారు? కట్ అనగానే పెద్దదీపాలు ఆరిపోయేవి. ఒక్కసారిగా చల్లబడేది. నేల చల్లగా వీపుకు తగిలేది. అప్పుడు అందరికన్నా సన్నపాటి యశోద ముందు లేచేది. లేచి, చెయ్యి చాచేది. యశోద చెయ్యి పట్టుకుని తాను లేచేది. తాను లేచి పక్కపిల్లకు చెయ్యిచ్చేది. ఆ పిల్ల దాని పక్కపిల్లకు. అట్లా ఊయల చుట్టూ ఒకరి వెంట ఒకరు, అద్దాలు గలగలలాడుతూ లేచేవాళ్ళు. ఆ గలగల ఇప్పుడు చెవిలో వినిపించింది. అది ఏ సినిమాలోనూ లేదు. దాన్ని ఏ మాస్టరూ చెప్పలేదు. ఎడిటరు చూడనుకూడా లేదు.

"కూచో," అంది.

"ఏంది అవ్వా?"

"కిందకూచో మేయ్. పండుకో. ఆ తలపాగా తీసెయ్."

పిల్ల పెట్టెల మధ్య నేలమీద పడుకుంది. కామేశ్వరమ్మ లేచి నిలబడి, మోకాలు మూలిగినా వంగి, చెయ్యి చాచింది. "ఒకటి. రెండు. పట్టుకో. లెయ్. ఇప్పుడు నీ పక్కపిల్లకు చెయ్యి. ఒకటి. రెండు."

"ఎనిమిదిమందికి పదారు," అంది ఫిర్దోస్ లేస్తూ. కామర్సు పిల్ల. వెంటనే ఫోనులో పాట పెట్టి, పల్లవి చివర వాయిద్యాలు వచ్చేచోట వేళ్ళమీద లెక్కపెట్టింది. "ఇరవై ఉండాయి అవ్వా. నాలుగు మిగుల్తాండాయి."

"వోణీ సర్దుకోండి. మేమూ సర్దుకునేవాళ్ళం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రెండోదానికి?" అంది ఫిర్దోస్ గుక్కతిప్పుకోకుండా. "మెట్లమీంచి దిగినాక ఏం చేసినారు?"

మెట్లు దిగి, వరసగా నిలబడి, ఎవరి ముందున్న పిల్ల జడలో పూలు వాళ్ళు సరిచేసేవాళ్ళు. జారిన పిన్ను తీసి పళ్ళతో విప్పి మళ్ళీ గుచ్చేవాళ్ళు. తన జడ వెనక ఎప్పుడూ యశోద వేళ్ళు ఉండేవి, చల్లగా. ఆఖరి చరణానికి ముందు, కుండలు పగిలిపోతాయని సామాను చూసే అతను ఒక్క పిల్ల చేతికే అందించేవాడు. అవి చేతులు మారుతూ వరస చివరిదాకా వెళ్ళేవి. అన్నీ చెప్పింది. చెబుతుంటే ఫిర్దోస్ ఆడి చూపింది, ఆడుతుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. మధ్యాహ్నం అన్నం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. లంగా మడత సగం ఊడి అట్లాగే పడివుంది.

శుక్రవారం ప్రిన్సిపాల్ పాట మొత్తం చూశాడు. చూసి, ప్రోగ్రాం కాగితంలో నాలుగో నంబరు అని రాయించాడు.

* * *

వార్షికోత్సవం నాడు కామేశ్వరమ్మ జమ్మలమడుగులో దిగి, నిర్మలమ్మను ఇంట్లోంచి లేవదీసింది. నిర్మలమ్మకు డెబ్బైఎనిమిది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇంత ఎండలో నన్ను పులివెందులకు ఈడ్చకపోతాండావు. ఏముంది ఆడ?"

"మన పాటుంది వదినా. తూరుపుగాలి పాట."

నిర్మలమ్మ బస్సులో అందరికీ వినపడేలా నవ్వింది. "ఆ పాటేనా? యాబై ఏండ్లప్పుడు రెండు కండ్లు పెట్టుకోని ఎతికితే దొరకల్యా. ఇప్పుడు ఒంటికన్నుతో ఎతుక్కోమంటావా?"

"ఈసారి ఎతుక్కునే పనిల్యా."

"అయినా ఆడేది పిల్లోళ్ళు కదే. నువ్వు యాడుంటావు?"

కామేశ్వరమ్మ కండక్టరును పిలిచి రెండు టికెట్లు తీసుకుంది.

సాయంత్రం కాలేజీ ఆవరణలో షామియానా కింద రెండో వరుసలో కూర్చున్నారు. ముందు వరుస పెద్దలకు అట్టిపెట్టారు. మైకులో పేరు చెబుతానని వసుంధర అంటే కామేశ్వరమ్మ వద్దంది. నాలుగో నంబరు వచ్చింది. స్టేజీ నడుమ చెక్క ఊయల, దానికి నిజం బంతిపూలు. పల్లవి మొదలైంది. ఎనిమిది లంగాల అద్దాలూ ఒకేసారి తిరిగాయి. కుడికాలు వెనక్కి, చెయ్యి నేలకు, అదే ఊపులో లేచి ఎడమకు. ఏ మొగమూ అడ్డం రాలేదు.

నిర్మలమ్మ కళ్ళు చికిలించి చూస్తోంది. "బాగుండాదే," అంది ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు.

పల్లవి ముగిసింది. ఎనిమిదిమందీ ఊయల చుట్టూ నేలమీద రేకుల్లా ఒరిగారు. వాయిద్యాలు మొదలయ్యాయి. ఒక్క క్షణం స్టేజీమీద ఎవరూ కదల్లేదు. తరవాత ఫిర్దోస్ ఒక్కతే లేచింది. లేచి, పక్కపిల్లకు చెయ్యి చాచింది.

కామేశ్వరమ్మ వేలు తనకు తెలియకుండానే పైకి లేచింది.

"ఇదో వదినా."

"యాడ?" అంది నిర్మలమ్మ పాత అలవాటుకొద్దీ.

"చెయ్యిచ్చే పిల్ల యశోద. మా యశోద. ఆ చెయ్యి పట్టుకోని లేసేది నేను."

నిర్మలమ్మ ముందుకు వంగింది. స్టేజీమీద రెండో పిల్ల లేచింది, మూడోదానికి చెయ్యిచ్చింది. మూడోది నాలుగోదానికి. అద్దాలు గలగలలాడుతున్నాయి. షామియానా కింద మాటలు సద్దుమణిగాయి. ఆరో పిల్ల లేచింది, కామేశ్వరమ్మ వేలు ఇంకా గాలిలోనే ఉంది. ఏడో పిల్ల లేచింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు.

నిర్మలమ్మ మరదలి మోచెయ్యి పట్టుకుంది.

"కనపడినావు లేవే," అంది. "ఇంక చెయ్యి దించు, ఎనకోళ్ళకు అడ్డమొస్తాండాది."

ఎనిమిదో పిల్ల లేచేదాకా కామేశ్వరమ్మ చెయ్యి దించలేదు.